జవాబు పక్క బీరువాలో

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ ఎన్నిసార్లు చదివినా, చివరికి కాగితమూ పెన్సిలూ అందుకోవాలనిపిస్తుంది. పెద్దాపురం సంస్థానంలో చదరంగం ఆడవచ్చిన శంకరప్ప అడిగేది వడ్లగింజలే. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు. వినగానే, ఎంతవుతాయిలే, నాలుగు బస్తాలు దాటవు అనిపిస్తుంది. లెక్క కడితే సగం బల్ల, అంటే 32 గళ్లు నిండేసరికి 429 కోట్ల గింజలు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే అవి 86 టన్నులు. సంస్థానానికి అదేమంత బరువు కాదు. కానీ 64వ గడి దాకా వెళ్తే దాదాపు 37 వేల కోట్ల టన్నులు! ఇవాళ ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే భూమ్మీది వరిమళ్లన్నీ నాలుగు వందల ఏళ్లకు పైగా శంకరప్ప కోసమే పండాలి.

ఈ లెక్క తేలాక కథ మళ్లీ మొదటికి తిప్పితే అతను మరో మనిషిలా కనిపిస్తాడు. దివాణంలోకి అడుగు పెట్టడానికే అవస్థ పడ్డవాడు, అంత వినయంగా, అంత చిన్నదిగా వినిపించే మాటతో ఎంత పెద్ద దెబ్బ కొట్టాడో అప్పుడు గానీ పూర్తిగా ఒంటికి పట్టదు. కథలో ఉన్న బలాన్ని నాకు చూపించింది లెక్కల పుస్తకమే.

అందుకే పాఠకుల్ని నవలలవాళ్లు, నవలలు కానివి చదివేవాళ్లు అని విడదీస్తే నాకు మింగుడు పడదు. ‘కథలతో మాకేం పని, విషయం ఉన్న పుస్తకం చెప్పండి’ అనేవారు కొందరు. ‘చరిత్రంటే రాజులూ తారీఖులేగా’ అని పెదవి విరిచేవారు ఇంకొందరు. ఇద్దరికీ నేను ఇచ్చే పుస్తకం ఒకటే: సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వచ్చింది. తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, దీనికే దక్కింది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఎవరికి మొక్కారు అని వెతికారాయన. వెతికింది ఎక్కడ? ఎక్కువగా కావ్యాల్లో. ‘క్రీడాభిరామం’లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల వెంట ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడుతుంటే వింటారు, పూటకూళ్ల ఇంట్లో రూక ఇచ్చి తృప్తిగా భోంచేస్తారు. కవి సరదాకి రాసుకున్న ఆ భోజనమే ప్రతాపరెడ్డి గారికి ఆధారం. కాకతీయుల శాసనాల్లో దానాలుంటాయి, బిరుదులుంటాయి. రూకకు విస్తట్లో ఏమేం వడ్డించారో చెప్పాల్సింది కవే.

తిరగేసి చూసినా అంతే. ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’లో కల్పన లేదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. దారిలో చూసినదంతా రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల గారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య గారు 1836లో పోయారు. మిత్రుడు 1838లో దాన్ని అచ్చు వేయించారు. మజిలీ మజిలీకీ నీళ్లు మంచివా కావా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటు దొరికిందా, దారి ఇసకా, రాయా, అడవా అన్నదే ఇందులోని ముచ్చట. పైకి చూస్తే పద్దుల పుస్తకమే. కానీ బోయీలు మోసే పల్లకీ తర్వాతి ఊరికి క్షేమంగా చేరుతుందా లేదా అని పేజీ తిప్పకుండా ఉండలేను. అదీ ఆయన మాట్లాడుకునే తెలుగులో రాశారు, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టడానికి ముప్ఫై ఏళ్ల ముందు! ఆ కాలం మీద నవల రాయదలచినవారు ఎవరైనా సరే, ముందు ఈ పుస్తకం వెంట మద్రాసు నుంచి కాశీదాకా ఒకసారి నడిచి రావాలని నా పట్టుదల.

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాలంటే నాకంత ఇష్టం ఎందుకో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ అరలు లేవు, అట్టల మీద నంబర్లు లేవు. డిటెక్టివ్ నవల కింద హోమియోపతి, దాని కింద ఎవరో అండర్‌లైన్ చేసుకున్న అర్థశాస్త్రం. నవల కోసం వంగితే చేతికి మరొకటి తగులుతుంది.

మనకు రెండు వైపులా చెయ్యి తిరిగిన రచయితలు ఉండేవారు. ఉప్పల లక్ష్మణరావు గారు వృక్షశాస్త్రవేత్త. ‘అతడు-ఆమె’ నవల ఆయనదే, మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేసిందీ ఆయనే. నండూరి రామమోహనరావు గారు మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌నూ హకల్‌బెరీ ఫిన్‌నూ తెలుగు పిల్లలకు నేస్తాల్ని చేశారు. అదే కలంతో ‘విశ్వరూపం’లో నక్షత్రాల సంగతీ, ‘నరావతారం’లో మనిషి పుట్టుక సంగతీ చెప్పారు. పాత ఎముకల గురించి రాసినా, తర్వాతేమైందో చెప్పమని మనం అడిగేలా రాయడం ఆయనకు పిల్లల నవలలతో అలవడిన విద్య అని నా నమ్మకం.

‘నరావతారం’ తర్వాత ఆ కథ చాలా దూరం నడిచింది. ఎముకల్లో మిగిలిన డీఎన్ఏని చదివి, 2010లో నియాండర్తల్ మానవుడి జన్యుపటం బయటపెట్టారు. వాళ్లు పూర్తిగా అంతరించిపోలేదనీ, ఆఫ్రికా దాటి వచ్చినవారి సంతతిలో, అంటే మనలో కూడా, వాళ్ల అంశ నూటికి ఒకటి రెండు పాళ్లు ఉందనీ తేలింది. ఆ పరిశోధనకు నాయకుడైన స్వాంతే పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. ఈ ముచ్చటంతా తెలుగులో పుస్తకంగా, హైస్కూలు పిల్ల చేతికిచ్చినా కింద పెట్టకుండా చదివేలా రావాలి. జన్యుశాస్త్రం తెలిసినవారు మనలో బోలెడుమంది ఉన్నారు. వారిలో టామ్ సాయర్‌ని తెలిగించగల చెయ్యి ఉన్నవారెవరో ముందుకు రావాలి.