నట్టింట ఆకాశం

వీధి వైపు ఒక్క కిటికీ అయినా లేని ఇల్లు అమెరికాలో ఉంటుందని మేము ఊహించలేదు. మా తమ్ముడు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కొనుక్కున్న ఇంటి ముందు నిలబడితే కనిపించేవి మూడే: గ్యారేజీ తలుపు, నిలువు గాడులు తీసిన చెక్కపలకల గోడ, ఒక ద్వారం. పైకప్పు ఇంచుమించు చదునుగా ఉంటుంది. ద్వారం తెరిచి లోపల అడుగుపెడితే గదిలోకి చేరము, ఆకాశం కిందికి చేరుతాము. మూడు వైపులా గాజు గోడలు, నడుమ పూలకుండీలు, పైన కప్పు లేదు. అక్కడివారు దీనిని ఏట్రియమ్ అంటారు. కర్నూలు పాతబస్తీలో మేము పుట్టి పెరిగిన ఇంట్లో దీనినే ఆంగన్ అనేవాళ్ళము.

ఆ కర్నూలు ఇల్లు ఇప్పుడు లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు ఏకమై ఊరిని ముంచెత్తినప్పుడు మట్టిగోడలు నాని కూలిపోయాయి. బేతంచెర్ల బండలు పరిచిన ఆంగన్ మాత్రం బురద కింద చెక్కుచెదరకుండా మిగిలింది. కొన్నేళ్ళు మా వద్ద ఉన్న అమ్మీజాన్‌ను తరువాత తమ్ముడు తన వద్దకు తీసుకువెళ్ళాడు. మదర్సాకు సెలవులు ఉన్న రోజుల్లో మేము అక్కడికి వెళ్ళడం, ఆ ఇంటి మరమ్మతు మొదలుకావడం ఒకేసారి జరిగాయి. పెద్దన్నగారు వచ్చారు గనుక నిర్ణయాలన్నీ ఆయన ఎదుటే జరగాలని తమ్ముడు పట్టుబట్టాడు. వాస్తుశాస్త్రం మా విద్య కాదు. అయినా రెండు నెలలు చూసి, అడిగి, తెలుసుకొన్నది పాఠకులతో పంచుకోదగినదనే అనిపిస్తున్నది. మన పిల్లలు ఎందరో నేడు ఆ దేశంలో పాత ఇళ్ళు కొంటున్నారు.

ఈ తరహా ఇళ్ళను ‘మిడ్ సెంచరీ మోడర్న్’ అంటారు. అంటే ఇరవయ్యవ శతాబ్దం నడిమి కాలపు ఆధునిక గృహాలని అర్థం. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు తిరిగివచ్చాక అమెరికాలో ఇళ్ళకు విపరీతమైన గిరాకీ ఏర్పడింది. చాలామంది వ్యాపారులు ఒకే అచ్చులో పోసినట్లు సాదా ఇళ్ళు కట్టి అమ్మారు. కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ అనే ఆయన దారి వేరు. ఆయన వాస్తుశిల్పి కాదు, ఆహారపదార్థాల టోకు వ్యాపారంలో ఉండేవాడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఒక ఇంట్లో కొంతకాలం అద్దెకు ఉండి, అటువంటి ఇల్లు సామాన్య కుటుంబానికి ఎందుకు దొరకకూడదని ఆలోచించాడట. ఆన్షెన్, ఆలెన్ వంటి మంచి వాస్తుశిల్పులను నియమించుకొని 1940ల చివరి నుంచి 1960ల నడుమ వరకు సుమారు 11,000 ఇళ్ళు కట్టాడు. మొదటి కాలనీలు వెలసినది ఈ సన్నీవేల్‌లోనే. ఆంగన్ ఉన్న నమూనాలు 1950ల చివర వచ్చాయి. తమ్ముడి ఇల్లు ఆ తరువాతి కొద్ది ఏళ్ళలోనిది.

ఆయన గురించి మరొక సంగతి విని మాకు గౌరవం కలిగింది. నల్లవారికి, ఆసియావారికి ఇళ్ళు అమ్మడానికి చాలామంది ఒప్పుకోని రోజుల్లో ఐక్లర్ కొనగలిగిన ఎవరికైనా అమ్మాడు. గృహనిర్మాతల జాతీయ సంఘం ఈ విషయంలో న్యాయమైన విధానాన్ని చేపట్టలేదని 1958లో అందులో నుంచి రాజీనామా చేశాడు. గోడల కన్నా ముందు ఇది చెప్పుకోవాలి. ఆ వీధిలో నేడు మనవారు నివసించగలుగుతున్నారంటే అటువంటి కొందరి మొండితనం కూడా దానికి ఒక కారణం.

ఆయన మన ఇళ్ళను చూసి నేర్చుకున్నాడని అనడం అతిశయోక్తి అవుతుంది. ఏట్రియమ్ అనేది రోమనుల మాట. అయినా వీధికి మౌనంగా ఉండి లోపలికి తెరుచుకునే ఇల్లు మనకు కొత్తది కాదు. దారిన పోయేవారి చూపు ఇంటి ఆడవారిపై పడదు. ఇంట్లోవారికి వెలుతురూ గాలీ తక్కువ కావు. అమ్మీజాన్‌కు ఆ ఇల్లు మొదటిరోజే నచ్చడానికి కారణం ఇదే.

ఇక మరమ్మతు సంగతి. అరవై ఏళ్ళు దాటిన ఇంటికి అరవై ఏళ్ళు దాటిన మనిషికి ఉండే బాధలే ఉంటాయి. గాజు పలకలు ఒంటిపొరవి, చలిని ఆపవు. పైగా పగిలితే కత్తుల్లా చీలే పాతరకం గాజు. కప్పుకూ దూలాలకూ నడుమ అటక లేదు గనుక ఎండనూ చలినీ ఆపే పొర వేయడానికి తావు లేదు. కరెంటు పెట్టె 100 ఆంపియర్లది, నేటి పొయ్యిలకూ కారు ఛార్జింగుకూ చాలదు. తివాచీ కింద బయటపడిన పాత పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉన్నట్లు పరీక్షలో తేలింది, దానిని తీయడానికి లైసెన్సు ఉన్న పనివారే రావాలి. ఇవన్నీ డబ్బుతో తీరే పనులు. వీటిపై ఇంట్లో మాట పెరగలేదు.

మాట పెరిగినది నేల గురించి. ఐక్లర్ ఇళ్ళలో చలికాలపు వేడి గాలి ద్వారా రాదు, నేల ద్వారా వస్తుంది. కాంక్రీటు పలక పోసేటప్పుడే అందులో గొట్టాలు పరిచి వాటిలో వేడినీరు తిప్పుతారు. చాలా ఇళ్ళలో అవి రాగి గొట్టాలు. కొరియా యుద్ధకాలంలో రాగికి కొరత వచ్చినప్పుడు ఉక్కువి వేశారు, అవి త్వరగా తుప్పుపట్టాయి. తమ్ముడి ఇంట్లోవి రాగివే, కాని ఎక్కడో ఒకచోట కారుతున్నది. మొదట వచ్చిన కాంట్రాక్టరు ఆ గొట్టాలను అలాగే వదిలేసి గోడలకు హీట్ పంపులు బిగించుకోమన్నాడు. వేసవిలో చల్లదనమూ వస్తుంది, తలనొప్పీ పోతుంది అన్నాడు. లెక్క చూస్తే అతని మాటలో తప్పు లేదు.

అయితే మా ఇంట్లో దస్తర్‌ఖాన్ నేలపైనే పరుస్తారు. పిల్లలు నేలపై కూర్చునే ఖుర్ఆన్ చదువుతారు. మోకాళ్ళు సహకరించినంతవరకు అమ్మీజాన్ సజ్దా నేలపైనే చేస్తారు. డిసెంబరులో ఫజ్ర్ వేళ ఆ వెచ్చని నేలపై నుదురు ఆనించినప్పుడు ఎలా ఉంటుందో గోడకు బిగించిన యంత్రం అమ్మేవానికి తెలియదు. కుర్చీలలో జీవించేవారికి గాలి వేడెక్కితే చాలు, నేలపై జీవించేవారికి నేలే వేడెక్కాలి. ఈ మాట మేము తమ్ముడికి చెప్పాము. అతడు నేల పనిలోనే అనుభవం ఉన్న మరొకరిని పిలిపించాడు. ఆయన గొట్టాలలో గాలి నింపి ఒత్తిడి తగ్గడం చూశాడు, వేడిని పసిగట్టే కెమెరాతో నేలంతా వెదికాడు. ఆ తెరపై నేల కింది గొట్టాలు అరచేతి రేఖల్లా కనిపించాయి. ఒక్కచోట మాత్రం మరకలా వ్యాపించి ఉంది. అక్కడ జానెడు మేర కాంక్రీటు తొలిచి గొట్టం అతికారు. బాయిలరు కొత్తది వచ్చింది. ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందో అల్లాహ్‌కే తెలుసు. మరొకచోట కారితే హీట్ పంపులే శరణ్యమని తమ్ముడు ముందే చెప్పి ఉంచాడు.

స్నానాలగది మరమ్మతులో ఆ కెమెరా బొమ్మే మళ్ళీ ఉపయోగపడింది. అక్కడ పాత కమోడు వీపు ఖిబ్లా వైపు ఉంది. కట్టడం లోపల ఇది ఫరవాలేదనే ఇమాములు ఉన్నారు గాని హనఫీ మతంలో లోపలైనా బయటైనా నిషేధమే. మురుగు రంధ్రాన్ని జరపాలంటే కాంక్రీటు కోయాలి, కోస్తే వేడినీటి గొట్టం తెగవచ్చు. చివరికి రంధ్రం ఉన్నచోటనే ఉంచి, పక్కన ఒక అరగోడ కట్టి, కమోడును దానివైపు తిప్పి బిగించారు. ఆ అరగోడకే అమ్మీజాన్ పట్టుకోవడానికి ఉక్కు కడ్డీ అమర్చారు.

వంటగది దగ్గర డిజైనరుకు ఆశ్చర్యం కలిగింది. నేడు పాత ఇళ్ళు మార్చుకునేవారంతా వంటగది గోడ తీసేసి హాలులో కలిపేయమని అడుగుతారట. అమ్మాయి వేసిన నక్షాలోనూ అదే ఉంది. మా తమ్ముని భార్య వంటింటి లోపలి నుంచే, “గాజు గోడలకైతే పరదాలు వేసుకోవచ్చు భాయిజాన్, లేని గోడకు పరదా ఎక్కడ వేలాడదీయాలి?” అని అడిగింది. హాలులో తమ్ముడి మిత్రులు కూర్చున్నంతసేపూ ఆమె తల కప్పుకొని పొయ్యి ముందు చెమటలు కక్కాలా? నక్షాలు గీసేవారు ఇంట్లో వంట చేసేవారిని ముందు అడగాలన్నది మా అభిప్రాయం. నక్షా మారింది. ఉన్న అరగోడకు పైన జరిపే చెక్కతలుపులు వచ్చాయి. అతిథులు లేనప్పుడు తెరిచి ఉంచితే హాలూ వంటగదీ ఒకటే.

పడకగదుల నడుమ గోడలు పలుచని చెక్కపలకలు, లోపల డొల్ల. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. పిల్లలు సైతం మూడు వేళల్లో అనుమతి అడిగి లోపలికి రావాలని సూరహ్ నూర్‌లో ఆదేశం ఉంది. తలుపు ఉన్నా చాటు లేని గదిలో ఆ మర్యాదకు అర్థం సగమే. కరెంటు తీగల కోసం పలకలు విప్పినప్పుడే లోపల రాతిఉన్ని నింపమని చెప్పాము. ఖర్చు స్వల్పం, మేలు అధికం.

అన్నిటికన్నా కష్టమైనది అమ్మీజాన్ గది. ఆమె మనుమరాలి గదిలో పడుకుంటారు. ఆ పిల్ల అర్ధరాత్రి దాకా దీపం పెట్టుకొని చదువుతుంది, ఆమె తహజ్జుద్‌కు లేస్తారు. ఇద్దరికీ నిద్ర లేదు. పైన అంతస్తు వేయడానికి ఆ కాలనీ నియమాలు ఒప్పుకోవు, వేసినా ఆమె మెట్లెక్కలేరు. డిజైనరు చూపిన సులువైన మార్గం ఆంగన్‌కు కప్పు వేయడం. మూడు గోడలు ఉండనే ఉన్నాయి. అక్కడ చాలామంది చేసుకున్నదీ అదేనట.

తమ్ముడు అమ్మీజాన్‌ను అడిగాడు. “మీకు ఎలా వీలైతే అలా చేసుకోండి బేటా, నాకేమి, ఎక్కడైనా పడుకుంటాను” అన్నారామె. 2009లో సహాయశిబిరంలోనూ ఆమె ఇదే మాట అన్నారు. ఆ స్వరం మాకు తెలుసు. ఆమెకు ఇంగ్లీషు రాదు, కారు నడపడం రాదు, పగలంతా ఇంట్లో ఒంటరి. ఆమె బయటికి వెళ్ళడమంటే ఆ ఆంగన్‌లోకి వెళ్ళడమే. గోడకున్న గడియారంతో, ఫోనులో మోగే అజాన్‌తో ఆమెకు పని లేదు. పూలకుండీ నీడ చూసి అస్ర్ వేళ చెబుతారు. వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడను మినహాయించి, దానికి రెండింతలు కావాలన్న ఇమామ్ అబూ హనీఫా గారి లెక్కను మేము మదర్సాలో బల్లమీద గీతలు గీసి నేర్పుతాము. ఆమె ఏ మదర్సాకూ వెళ్ళకుండా కుండీతో తేల్చేస్తారు. ఆ రాత్రి తమ్ముడిని ఆంగన్‌లోనే కూర్చోబెట్టి, ఆమెకు గది ఇవ్వడం కోసం ఆమె ఆకాశం తీసుకోవద్దని చెప్పాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. మరో దారి ఖరీదైనది, అప్పటికే అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయింది.

దారి చూపినది పదిహేనేళ్ళ మనుమడు. గ్యారేజీలో సగం వాడి సైకిళ్ళు, విప్పని పెట్టెలే కదా అన్నాడు. ఆ గ్యారేజీ పక్కగోడ ఆంగన్‌ను ఆనుకొనే ఉంది. వెనుక సగాన్ని గదిగా మార్చి, ఆ గోడలో ఆంగన్‌లోకి గాజుతలుపు పెట్టారు. గ్యారేజీ నేల ఇంటి నేలకన్నా పల్లంగా ఉంటుంది గనుక చెక్కతో ఎత్తుచేసి గడప లేకుండా సమం చేశారు. దాని కింద వేడినీటి గొట్టాలు లేవు, కరెంటుతో వెచ్చబడే పలుచని చాపలు పరిచారు. వీధి వైపు ముఖం మార్చలేదు. ఐక్లర్ ఇళ్ళ రూపం చెదరకుండా సన్నీవేల్ నగరపాలక సంస్థకు ప్రత్యేక మార్గదర్శకాలు ఉన్నాయి. అనుమతికి నక్షా రెండుమార్లు దిద్దవలసి వచ్చింది. తమ్ముడి కారు ఇప్పుడు బయటే ఉంటుంది.

మేము తిరిగివచ్చేనాటికి గది పూర్తికాలేదు. మొన్న తమ్ముడు ఫోను చేశాడు. అమ్మీజాన్ కొత్త గదిలోకి మారారట. కప్పుపై నురుగు పూత ఒక్కటే మిగిలింది, అది వానలు వెనుదీసి కప్పు బాగా ఎండాకే వేస్తారట. గాజు కొత్తది, మరీ నిర్మలంగా ఉండి కనిపించదు గనుక కంటి ఎత్తులో తెల్లని పట్టీ అంటించారు. పనివారు దారికి అడ్డమని కుండీని మూలకు జరిపితే, ఆమె మళ్ళీ పాత చోటికే పెట్టించుకున్నారట.