కాశ్మీరపు కాంగడి

కాశ్మీరదేశమున చలికాలమునకు మూడు భాగములు గలవు. డిసెంబరు 21వ తేదీ మొదలు 40 దినములు చిల్లై కలాన్. అటుపిమ్మట 20 దినములు చిల్లై ఖుర్ద్. కడపట 10 దినములు చిల్లై బచ్చా. పెద్దచలి, చిన్నచలి, పసిచలి యని మనము చెప్పుకొనవచ్చును. ఆ పెద్దచలి దినములలోనే, సంక్రాంతి సెలవులకు పాఠశాల మూయగా, మా వారు, అత్తగారు, మా పదేండ్ల అమ్మాయి, నేను శ్రీనగరమునకు బోయితిమి. గోదావరి యొడ్డున బుట్టి పెరిగిన మాకు చలి యనిన ధనుర్మాసపు వేకువను ముగ్గు పెట్టునప్పటి చలియే గదా.

దాల్ సరస్సుమీద తెల్లవారుజామున కూరగాయల పడవలు చేరి బేరము లాడుకొందురు. ఆ సంతను జూడబోయిన మాకు కూరలకంటె మనుష్యుల చేతులే వింతగా నుండెను. పలువురి చొక్కాచేతు లొట్టివై వ్రేలాడుచుండెను. ఫెరన్ అను మోకాళ్లవఱకు దిగు వదులు చొక్కాలోనికి చేయి ముడుచుకొని, కాంగడిని పొట్టకు హత్తుకొని కూర్చుండిరి. తెడ్డు వేయవలసి వచ్చినప్పుడే ఆ చేయి బయటికి వచ్చును.

కాంగడి యనగా జానెడు లోపు వెడల్పు గల మట్టిపాత్ర. దానిచుట్టును సన్నని కొమ్మలతో బుట్ట యల్లి పిడి పెట్టుదురు. నిప్పు కదల్చుటకు చిన్న గరిటె దానికే కట్టియుండును. చరారె షరీఫు అను ఊరి కాంగళ్లు పేరు పడినవి. ఆకు రాలు కాలమున ఇల్లాండ్రు చినారు ఆకులను ఊడ్చి, కాల్చి, బొగ్గుచేసి చలికాలమునకు దాచుకొందురు. పైన బూడిద కప్పినచో నిప్పు గంటల తరబడి నిలుచును.

“అమ్మాయీ, మన కుంపటికి బుట్ట తొడిగినారు గదే!” యని అత్తగారు నవ్విరి. అమరకోశమున కుంపటికి అంగారధానిక, అంగారశకటి, హసంతి, హసని యని పేరులు గలవు. హసంతి యనగా నవ్వునది. చిన్ననాడు వల్లించునప్పుడు కుంపటి నవ్వు టేమో బోధపడలేదు. మేము బస చేసిన పడవయింటి యిల్లాలు బూడిద తొలగించి యొక్కసారి ఊదగా నిప్పు ఎఱ్ఱగా విచ్చికొన్నది. అప్పు డా పేరు తెలిసినది. కాశ్మీరపండితుల యిండ్లలో సంక్రాంతినాడు పితరుల పేర కాంగడిని దానమిచ్చు ఆచార మున్నదట. మన గుమ్మడికాయ దానము వంటిదే.

ఇంత ముచ్చటైన వస్తువునకు వేఱొక ముఖము గలదు. ఏండ్ల తరబడి ఒకేచోట సెగ తగులుటచే పొట్టమీదను తొడలమీదను చర్మము నల్లబడి, కొందఱికి పుండై, పుట్టకురుపుగా మాఱును. ఎల్మ్‌స్లీ అను వైద్యుడు 1866లోనే దీనినిగూర్చి వ్రాసెను. తలుపులు బిగించిన గదిలో బొగ్గు రగిలిన పుట్టు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. నిద్రలోనే ప్రాణము తీయగలదు. కావున కాంగడితో పరుండరాదు.

అత్తగారికి కాంగడిమీద మనసుపడినది. మాకు భయము పట్టినది. ఆమెకు పదునైదేండ్లుగా చక్కెరవ్యాధి; వ్రేళ్ల చివరలకు స్పర్శ తగ్గినది. వేడిగిన్నెను పట్టుకొని కాలినదాకా ఎఱుగని చేతులవి. “నా యింట పొయ్యి నేను వెలిగించలేదా?” యని యామె కినుక వహించిరి. ఆ రాత్రి యామె మాతో మాటాడలేదు.

మఱునాడు గుల్మార్గు ప్రయాణము. అది 2,650 మీటర్ల యెత్తున, మంచుతో నిండియుండును. అంగడిలో చేతులు వెచ్చబెట్టు పొట్లములు కొంటిమి. వీనిలో ఇనుపపొడి, ఉప్పు, బొగ్గుపొడి, కొంచెము తేమ యుండును. కవరు చింపగానే గాలి తగిలి ఇనుము త్రుప్పుపట్టును. ఆ త్రుప్పు పట్టుటలోనే వేడి పుట్టును. మంచిరకము ఏడెనిమిది గంటలు పనిచేయును. గాలి సోకకున్న చల్లబడును గనుక మిగుల బిగించి పెట్టరాదు. చర్మమునకు నేరుగా తగులనీయరాదు. లోపలి లోహపుబిళ్లను నొక్కిన గడ్డకట్టి వేడెక్కు ద్రవపుసంచులు గూడ నుండెను. మరుగునీట వేసిన మరల పనికివచ్చునవి; పొదుపరియైన మా వారికి నచ్చినవి. కాని గంటసేపైనను నిలుచుట కష్టము. దినమెల్ల మంచులో దిరుగువారికి పొట్లమే మేలని మా తలంపు.

అమ్మాయికి ఉన్ని చేతితొడుగుపైన పొట్లము నుంచి, దానిపై మఱియొక తొడుగు వేసితిమి. అత్తగారికి పొట్లమును ఈయలేదు. వ్రేళ్లన్నియు నొకేచోట నుండు మందపు తొడుగులు, చెవులు మూయు టోపీ, రెండు శాలువలు. ఒడలు వెచ్చగా నున్న నెత్తురు చేతులదాకా పారును. ఐనను నమ్మకము చాలక, గడియ కొకమారు తొడుగు విప్పి ఆమె వ్రేళ్లను మా చెంపకు ఆనించి చూచుచుంటిమి. నాలుగవమా రామెయే నవ్వి, “నీ చెంపయే నాకు కుంపటి గాని, ఆ మంచు చూడనీ” యనిరి.

తిరుగుదినమున నొక కాంగడిని కొని యామె చేత బెట్టితిమి. ఇపు డది మా యింట బొమ్మలకొలువు పెట్టెపై నున్నది. అందు నిప్పు లేదు. అమ్మాయి యేరితెచ్చిన చినారు ఆకులు నాలుగున్నవి.