తలుపు పిడి జివ్వుమన్నది

మా అబ్బాయి అమెరికాలో అద్దెకు తీసుకున్న మోటార్ హోమ్‌లో నిరుడు విహారయాత్రకు వెళ్ళాము. వాన వెలిసిన సాయంత్రం, విడిదిలోని 30 ఆంపియర్ల ప్లగ్గుకు బండిని కలిపిన పిమ్మట, తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి తలుపు పిడిని తాకగా నా చేయి జివ్వుమన్నది. "స్టాటిక్ అయివుంటుంది నాన్నా" అన్నాడు.

వేసవిలో ఇనుప కూలరును తడిచేతితో తాకి ప్రభుత్వాసుపత్రికి చేరినవారిని ఎందరినో చూసిన నాకు ఆ మాట రుచించలేదు. బండి నిలిచేది రబ్బరు టైర్లపై. ఎర్త్ తెగినప్పుడు, లోపల ఎక్కడ లీకైనా విద్యుత్తు లోహపు దేహమంతటికీ సోకి, తాకిన మనిషి గుండా నేలకు దిగుతుంది. తడిసిన చర్మం దానిని అడ్డుకొనజాలదు. అక్కడిది 120 వోల్టులే కదా అనుకొనరాదు, 0.1 ఆంపియరు చాలు, గుండె లయ చెదరడానికి.

ముందు స్తంభం వద్ద బ్రేకరు ఆపించి, ప్లగ్గు తీయించాను. మా పొడుగు కేబుల్‌కు ఎర్త్ పిన్ను విరిగివుంది. వాటర్ హీటర్‌లోని లీకును మరునాడు మెకానిక్ కనిపెట్టాడు. నీటిగుంటలో ఆడి మెట్టెక్కబోయిన మనవరాలిని ఆ సాయంత్రం నేను చంక దింపలేదు.