మొత్తం చివర 'ఓన్లీ'

బ్యాంకు కౌంటర్లో చెక్కు చేతికి రాగానే ముందు తేదీ చూసేవాణ్ని. ఆ వెంటనే అక్షరాల్లో రాసిన మొత్తం చివర 'ఓన్లీ' ఉందా అని చూసేవాణ్ని. అది లేకపోతే చెక్కు చెల్లదని చాలామంది నమ్మకం. నిజం కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో అలాంటి షరతేమీ లేదు. అయినా ప్రతి ఖాతాదారుతోనూ రాయమనే చెప్పేవాణ్ని.

పొదుపు సంఘాల మహిళలకు చెక్కు రాయడం నేర్పుతుంటే ఒకావిడ అడిగింది. "ఐదు వేలంటే ఐదు వేలే కదా సార్, మళ్లీ మాత్రమే అని ఎందుకు?"

"రాయండమ్మా, చూద్దాం" అని ఆమె చేతే 'ఫైవ్ థౌజండ్' రాయించాను. మిగిలిన ఖాళీలో 'నైన్ హండ్రెడ్' చేర్చాను. పక్కన అంకెల్లో ఉన్న 5000లో మొదటి సున్నాకు తోక పెట్టాను. 5900 అయింది. తర్వాత ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే అసలు మొత్తమని 18వ సెక్షన్ చెబుతుంది. తేడా ఉన్న చెక్కును బ్యాంకులు మామూలుగా వెనక్కే పంపేస్తాయి, అది వేరే సంగతి. రెండూ ఒకేలా దిద్దితేనే చిక్కు. దిద్దిన చెక్కు చెల్లదు, నిజమే. కానీ దిద్దినట్టు పైకి కనబడకపోతే, పద్ధతి ప్రకారం డబ్బిచ్చిన బ్యాంకుకు 89వ సెక్షన్ అండగా ఉంటుంది. నష్టం ఖాతాదారు మీద పడొచ్చు. పైగా ఇప్పుడు క్లియరింగ్‌లో డబ్బిచ్చే బ్యాంకుకు వచ్చేది కాగితం కాదు, దాని బొమ్మే.

ఇంగ్లీషులో 'ఓన్లీ' ఎక్కువగా తాను పట్టి ఉంచే మాటకు ముందు వస్తుంది. చెక్కు మీద మాత్రం మన 'మాత్రమే'లా వెనక నిలబడుతుంది. అందుకే మనవాళ్లకు దాని చోటు ఎప్పుడూ తప్పదు.

అయితే అది కాసేది వెనక వైపే. 'ఐదు వేలు' ముందు జాగా వదిలితే 'ఇరవై' వచ్చి కూర్చోగలదు. మన ప్రోనోట్లు రాసేవాళ్లు ఆ వైపూ ఆలోచించారు. మొత్తానికి ముందు 'అక్షరాలా' అని పెట్టి, చివర 'మాత్రమే' అని ముగించేవారు. చెక్కు మీద 'రూపాయలు' అని ముందే అచ్చయి ఉంటుంది కాబట్టి దానికి ఆనించి మొదలుపెట్టమనీ, 'ఓన్లీ' తర్వాత మిగిలిన జాగాలో అడ్డగీత గీయమనీ నేర్పేవాణ్ని. తెలుగులో రాసిన చెక్కు కూడా చెల్లుతుందని తెలిశాక, సంఘంలో కొందరు 'మాత్రమే' అనే రాయడం మొదలుపెట్టారు.