మరుభూమిలో మృగరాజు

చిన్ననాటి కథలలో సింహానికి అడవి ఉంటుంది, గుహ ఉంటుంది, కొలువులో మంత్రిగా నక్క ఉంటుంది. ఆఫ్రికా ఖండపు నైరుతి అంచున ఉన్న నమీబ్ ఎడారిలో సంచరించే సింహానికి ఈ వైభవమేదీ లేదు. అక్కడ చెట్టు నీడ అరుదు. త్రాగునీరు అంతకన్న అరుదు. అయినను ఆ మృగరాజు అక్కడ జీవిస్తూనే ఉన్నది.

ప్రపంచంలోని అతి ప్రాచీనమైన ఎడారులలో నమీబ్ ఒకటి. అట్లాంటిక్ మహాసముద్రం ఒడ్డునే ఉన్నా, తీరప్రాంతంలో ఏడాదికి 20 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. బెంగ్వేలా అనే శీతల సముద్ర ప్రవాహం గాలిని చల్లబరచి పొగమంచును పుట్టిస్తుందే గాని, వర్షాన్ని ఇవ్వదు. హోఆనిబ్ వంటి నదులు సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుక దారులుగానే ఉంటాయి. తిమింగలాల ఎముకలు, పగిలిన ఓడల శిథిలాలు పడివుండే ఈ తీరానికి 'అస్థిపంజరాల తీరం' అన్న పేరు స్థిరపడింది.

ఎడారి సింహం ప్రత్యేకమైన జాతి కాదు. పచ్చిక బయళ్లలో తిరిగే ఆఫ్రికా సింహాలకు ఇది సోదరియే. మారినది ముఖ్యంగా దాని జీవన విధానం. ఆహారం చెదురుమదురుగా దొరికే చోట పెద్ద గుంపు పోషణ కష్టం. అందుచేత ఇవి చిన్న గుంపులుగా మెలగుతాయి. ఒక్కొక్క గుంపు వేలాది చదరపు కిలోమీటర్ల మేర సంచరిస్తుంది. పగటి ఎండలో రాతి నీడను ఆశ్రయించి, చల్లని రాత్రివేళ నడక సాగిస్తుంది. నీరు దొరకని రోజులలో వేటాడిన జంతువు రక్తమాంసాలలోని తేమయే దాని దాహం తీరుస్తుంది.

కొన్ని సింహాలు మరొక అడుగు ముందుకు వేసి సముద్రాన్నే ఆహారపు గాదెగా మార్చుకున్నాయి. తీరంలోని సింహాలు సీల్ జంతువులను తినడం 1980ల నాటికే నమోదైంది. కాని పశువుల కాపరులతో కలిగిన ఘర్షణలలో ఎన్నో సింహాలు హతమై, 1990 ప్రాంతానికి తీరం నుండి అవి కనుమరుగయ్యాయి. వాటితోపాటు వాటి విద్యయు అంతరించింది. 1997 నాటికి ఎడారి మొత్తంలో సుమారు ఇరవై సింహాలే మిగిలాయి. తరువాత సంతతి క్రమంగా పెరిగి, కొన్ని మళ్లీ తీరం చేరుకున్నాయి. మూడు యువ ఆడ సింహాలు సముద్రపు పక్షులను, సీల్‌లను ప్రధానాహారంగా చేసుకున్న వైనాన్ని ఫిలిప్ స్టాండర్ అనే పరిశోధకుడు 2019లో ప్రకటించాడు. కోల్పోయిన విద్యను తిరిగి సంపాదించుకోవడానికి ఆ ప్రాణులకు దశాబ్దాలు పట్టింది.

ఎడారిని జయించిన ఈ జంతువు మనిషి చేతిలో మాత్రం ఓడిపోతున్నది. 2016లో ఐదు మగ సింహాల గుంపులో ఒకటి తుపాకీకి, మూడు విషానికి బలయ్యాయి. మరుసటి ఏడాది ఐదవది కూడా మరణించింది. దీనికి కాపరులనే నిందించుట న్యాయం కాదు. హింబా, హెరెరో, డమారా ప్రజలకు పశువే ధనం, పశువే పరువు. కరువు వచ్చి జింకలు తగ్గినప్పుడు సింహం మంద మీద పడుతుంది. రాత్రికి రాత్రి మేకల మందను పోగొట్టుకున్న కుటుంబానికి సింహం ఠీవి కడుపు నింపదు. దూరదేశాల వారు చిత్రాలలో చూసి మురిసిపోయే జంతువుకు మూల్యం చెల్లించేది ఆ పేద గుడిసెయే.

ఈ సత్యాన్ని గ్రహించినందువల్లనే అక్కడ కొత్త ప్రయత్నాలు మొదలయ్యాయి. సింహాల మెడకు కట్టిన పట్టీల ద్వారా వాటి జాడ తెలుసుకొని, అవి పల్లెను సమీపించగానే కాపరులను హెచ్చరిస్తున్నారు. స్థానిక యువకులే సింహ రక్షకులై, పశువుల దొడ్లను పటిష్ఠం చేయించి, సింహాలను దూరంగా మళ్లిస్తున్నారు.

తక్కువ నీటితో, తక్కువ నీడతో, తక్కువ ఆహారంతో బ్రతకడం సింహం నేర్చుకున్నది. తనకు నష్టం కలిగించగల ప్రాణి పక్కన బ్రతకడం అంతకన్న కఠినమైన విద్య. ఆ విద్యను నేర్చుకోవలసినది మనిషి. అందుకయ్యే ఖర్చును కాపరి ఒక్కడి భుజాల మీదనే మోపకుండా లోకం పంచుకున్నప్పుడే, ఇసుక మీద మృగరాజు అడుగుజాడలు చెరిగిపోకుండా ఉంటాయి.