ఏడిళ్ల జబ్బు

గేదెకు గాలికుంటు ఉంది, గొంతువాపు ఉంది, జబ్బవాపు ఉంది. కోడికి కొక్కెర. గొర్రెకు చిటుకు. మేకకు పారుడు. భూమ్మీద నుంచే పోయిన ముసర వ్యాధి పేరు ముసలి రైతుల నోట్లో ఇంకా ఉంది. తెలుగువాడు తన శాలలో కట్టేసిన ప్రతి ప్రాణికీ చావు ఏ దారిన వస్తుందో కనిపెట్టి, పిలవడానికి వీలుగా ఓ పేరు పెట్టుకున్నాడు. పొయ్యి పక్కన ముడుచుకుని పడుకునే పిల్లికి మాత్రం ఒక్క జబ్బూ ఇవ్వలేదు.

ఇదీ ఒక ఫిర్యాదేనా అని ఎవరైనా అనొచ్చు. నాలుగు కూనలు రాత్రంతా వాంతులు చేసుకుని, తెల్లారేసరికి రెండే మిగిలిన ఇంట్లో కూర్చుని అనమనండి.

పిల్లి విషయంలో తెలుగు భాష పిసినారితనం చూపించిందేమీ లేదు. దానిచేత కళ్లు మూసుకుని పాలు తాగించింది. ఎలుకతో చెలగాటమాడించింది. మెడలో గంట కట్టే మొనగాడి కోసం వెతికింది. చంకలో పెట్టుకుని పెళ్లికి పంపింది. శాపాలు పెట్టించి, వాటికి ఉట్లు తెగవని తీర్పూ చెప్పింది. ఎదురొస్తే చాలు, రైలెక్కబోయేవాణ్ణి ఇంటికి తిప్పి పంపింది. ఇంత చాకిరీ చేయించుకుని, ఆ పిల్లికి ఒంట్లో బాగుండని రోజు కూడా ఒకటుంటుందని మాత్రం తలచలేదు. పైగా ఇంగ్లీషు వాళ్ల దగ్గర తొమ్మిది ప్రాణాలు అరువు తెచ్చి దాని ఖాతాలో వేశారు. తొమ్మిదున్నాయి కదా, ఒకటి పోతే పోయిందిలే అనుకోవడానికి.

శ్రీకాకుళం జిల్లా పొందూరు పేరు చెబితే అందరికీ సన్నఖాదీ గుర్తొస్తుంది. నూలున్న చోట గంజి ఉంటుంది. గంజి వాసనకు ఎలుక వస్తుంది. ఎలుక ఉన్న చోటికి పిల్లి పిలుపు లేకుండానే వస్తుంది. వచ్చింది ఊరికే పోదు, మగ్గం చాటునో, పత్తి మూట వెనకో పిల్లల్ని పెడుతుంది.

పుట్టిన కూన వంద గ్రాములుంటుంది, ఓ పది అటూ ఇటూ. వంద కౌంటు నూలు వంద గ్రాములు తీసుకుని పరిస్తే సుమారు 17 కిలోమీటర్లు వస్తుంది. అంత సన్నని పోగు తెగకుండా లాగే వేళ్లకు కూన కళ్ల పుసి తుడవడం ఒక లెక్కా? గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో, లోపలి మూల నుంచి బయటికి, ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి తగలకుండా తుడవాలి. తల్లి లేని కూనకైతే ప్రతిసారీ పాలు పట్టాక అదే తడి దూదితో పొట్ట కింద నిమరాలి. నిమిరితే తప్ప మూడు వారాల లోపు కూనకు మూత్రం రాదు. తల్లి ఉంటే ఈ పని నాలుకతో చేసేస్తుంది, ఎవరికీ తెలియనే తెలియదు. కూన రోజుకు పది గ్రాములైనా పెరగాలి. పెరగని రోజున, పైకి ఎంత చలాకీగా కనబడినా, అనుమానించాలి. నూలు చిలపల లెక్కన కూలి తీసుకునే ఊళ్లో లెక్క విలువ ఒకరు చెప్పాలా?

అసలు జబ్బు ఇక్కడే తలుపు తడుతుంది. రెండు మూడు నెలల కూన, నిన్నటిదాకా దారపు ఉండ వెంట దొర్లినది, ఇవాళ మూల చేరుతుంది. తిండి ముట్టదు. పసుపు నురగ కక్కుతుంది. ఒళ్లు కాలిపోతుంది. ఒకటి చూస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది. నీళ్ల గిన్నె దగ్గరికి పోయి, అంచు మీద గడ్డం ఆనించి, తల వేలాడేసి అలాగే కూర్చుంటుంది. దాహం ఉంది, నీళ్లు ముందున్నాయి, తాగదు. విరేచనాలు ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మొదలుకావచ్చు, అవి మొదలుకాకుండానే ప్రాణం పోవచ్చు.

సరిగ్గా అప్పుడే వీధిలో పంచాయితీ లేస్తుంది.

"ఎవులో మందెట్టీసినారు!"

"నానెందుకెట్టినానప్పా? నా ఇంట్లో ఎలకల మందే లేదు."

"మరి మూడు గుంటలూ ఒక్కపాలి ఎలాగ సచ్చిపోనాయి?"

ఒక్కసారి ఎలా చచ్చిపోయాయన్నది మంచి ప్రశ్నే. జవాబు మాత్రం పక్కింటి గుమ్మంలో లేదు. ఉదయం ఆడుకున్న కూన రాత్రికి చచ్చిపోవడం, ఒకే ఈత కూనలు వరసగా పోవడం చూసి, చదువుకున్న దేశాల్లోనూ జనం మొదట విషమనే అనుకుంటారు. పొందూరు వీధిని తప్పుపట్టడానికి లేదు. ఇక్కడి తంటా ఏమిటంటే, విషం కాదని తేలాక అనడానికి మన దగ్గర మాట లేదు. మాట లేని చోట అనుమానం కూర్చుంటుంది. ఎలకల మందు పెట్టని పాపానికి ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఏడాదిపాటు మాట్లాడుకోరు.

శాస్త్రానికి మాట ఉంది, పలకడానికి నోరే చాలదు. ఫీలైన్ పాన్‌ల్యూకోపీనియా. రక్తంలో తెల్లకణాలు అన్ని రకాలూ పడిపోవడమని అర్థం. ఇది వైరస్ పని అని 1928లోనే ఫ్రాన్స్‌లో వెర్జ్, క్రిస్టోఫొరోని అనే ఇద్దరు చూపించారు. ఈ వైరస్ చురుగ్గా విడిపోయే కణాలను వెతుక్కుంటూ పోతుంది. అలాంటివి పేగు పొరలో ఉంటాయి, ఎముక మూలుగలో ఉంటాయి. పేగు పొర రాలిపోతే నీళ్లు నిలవవు. మూలుగ దెబ్బతింటే తెల్లకణాలు పుట్టవు, కాపలా లేని కోటలోకి సూక్ష్మజీవులు చొరబడతాయి. వైద్యం అందని కూనల్లో పదింటికి తొమ్మిది దాకా పోవచ్చు.

కుక్కల పార్వో ఇప్పుడు పల్లెల్లో కూడా తెలుసు. అల్సేషియన్ కుక్కపిల్లను కొన్న ప్రతివాడూ ఆ మాట అంటాడు. ఆ పార్వో లోకానికి తెలిసింది 1978లో. పిల్లుల ఈ వైరస్‌కో, దాని దగ్గరి చుట్టానికో పుట్టిన బిడ్డ అది. అంటే దాదాపు యాభై ఏళ్ల కిందట పుట్టిన బిడ్డ పేరు ఊరంతా నేర్చుకుంది, కన్నవాళ్ల పేరు ఎవరూ అడగలేదు. కుక్కల పార్వోకి వాడే పరీక్ష పట్టీ పిల్లి మలంలోని ఈ వైరస్‌నూ చాలాసార్లు పట్టిస్తుంది. డాక్టరుగారి బల్ల సొరుగులో అది ఉంటే, పిల్లికి కూడా వాడమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మొహమాటం అంటే గుర్తొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి పశువుల అంబులెన్సులు తిరుగుతున్నాయి, నంబరు 1962. గేదెకు కడుపుబ్బరం అని ఫోను చేసేవాడి గొంతు ఖంగుమంటుంది. పిల్లికి వాంతులు అని చెప్పాల్సి వస్తే అదే గొంతు సన్నబడిపోతుంది, ఇంట్లోవాళ్లు వింటారని వీధిలోకి పోతాడు. గేదె పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది, కుక్క కాపలా కాస్తుంది. పిల్లి ఏం చేస్తుందో చెప్పమంటే ఎలుకలు పడుతుందంటారు, ఆ ఎలుక పోగు కొరికితే ఎంత నష్టమో మాత్రం ఎవరూ లెక్క కట్టరు. పోనీ సూదైనా వేయించామనుకుంటే, జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల) దినం నాడు ఊళ్లలో ఉచితంగా వేసే సూది రేబిస్‌కి. దానికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు. ఆ రోజు సూది వేయించి, ఇక మా పిల్లికి ఢోకా లేదనుకునే ఇళ్లు ఎన్నో.

ఇక సామెతల్లోకెల్లా ఈ వ్యవహారానికి దగ్గరగా వచ్చినది ఒకటుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. అద్దె ఇళ్లు మారేవాళ్లను వెక్కిరించడానికి పుట్టిన మాట అయినా, పిల్లిని ఎవరో దగ్గరుండి చూసి చెప్పినదే. కూనను మెడ దగ్గర పట్టుకుని ఈ ఇంటి అటక నుంచి ఆ ఇంటి కట్టెల పాకకు, అక్కణ్ణుంచి మూడో ఇంటి నూలు గదికి మోస్తుంది. జబ్బు కూన అయితే తనతోపాటు వైరస్‌నూ ఇల్లిల్లూ తిప్పుతుంది. ఆ వైరస్ మొండి ఘటం. ఇంట్లో నీడ పట్టున ఉంటే ఏడాదిదాకా బతికి ఉంటుంది. గోనె సంచిలో, చింకి బొంతలో, చెప్పు అడుగున. కోలుకున్న కూన కూడా కొన్ని వారాలపాటు మలంలో వదులుతూనే ఉంటుంది. నిరుడు కూనలు పోయిన మూలలో ఈ ఏడు కొత్త కూనను తెచ్చి పెడితే, ఆ మూల మళ్లీ తినేస్తుంది. అప్పుడు వీధివాళ్లు ఆ ఇంటికి పిల్లి అచ్చిరాదంటారు. అచ్చిరానిది ఇల్లు కాదు, బొంత.

బొంతను తగలబెట్టాలి. నేలను ముందు సబ్బుతో మురికి పోయేలా కడిగి, తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. తాజా పౌడరైతే లీటరుకు ఐదారు గ్రాములు చాలు. మురికి మీదే చల్లితే బ్లీచింగ్ బలమంతా మురికే మింగేస్తుంది. పంచాయతీవాళ్లు కాలవ గట్టున ముగ్గులా చల్లి పోయేది అందుకే ఎవరినీ చంపదు. ఆరాక మళ్లీ మంచినీళ్లతో కడిగేదాకా కూనను అక్కడికి రానివ్వకూడదు. చాలా ఇళ్లలో ఇవేవీ చేయరు, నల్ల ఫినాయిల్ పోస్తారు. గుప్పున వాసన వస్తే శుభ్రమైపోయిందని మనకో నమ్మకం. ఫినాయిల్, నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే లోషన్, రెండూ పిల్లికి విషం. కాలికి అంటినది నాకుతుంది, నాకినది లోపల విరగదు. జ్వరమని మనుషుల పారాసిటమాల్ ముక్క నూరి పోసినా అంతే, ఆ ముక్కే చంపుతుంది. ఎవరూ మందెట్టలేదని ఒట్టేసిన ఇంట్లోనే, ప్రేమతో, మందు పడుతుంది.

జబ్బు కూనకు కావలసినవి నాలుగే. వెచ్చదనం, సెలైన్, వాంతి ఆగే మందు, దాడికొచ్చే సూక్ష్మజీవులకు యాంటీబయాటిక్. వైరస్‌ను చంపే మాత్రంటూ లేదు. నాలుగైదు రోజులు ఒడ్డున పట్టి ఉంచితే ఒళ్లు తానే తెల్లకణాలు పుట్టించుకుంటుంది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. ఒళ్లు చల్లబడ్డ కూనకు పాలు పోయకూడదు, ముందు వెచ్చబరచాలి. పట్టేటప్పుడు బోర్లా ఉంచి పట్టాలి, చంటిబిడ్డలా వెల్లకిలా తిప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో వేరే కూనలుంటే మొదట వాటి పని చూసుకుని, జబ్బుదాని దగ్గరికి చివర్న వెళ్లాలి. బాలింతరాలి గదికీ వాకిలికీ మధ్య మైల పాటించిన ఊళ్లకు ఈ వరస కొత్త కాదు. మనుషులకు ఇది అంటదు, కానీ మనుషుల చేతులే మోసుకెళ్తాయి.

తుమ్ములూ కళ్ల పుసులూ ఉంటే అది వేరే జబ్బు, హెర్పిస్ వైరస్సో కాలిసి వైరస్సో తెచ్చే పిల్లుల జలుబు. ముక్కు మూసుకుపోయి వాసన తెలియక తిండి మానేస్తుంది. ఉప్పు లేకుండా ఉడికించిన చేపను వెచ్చగా, ముళ్లు తీసి ముక్కు దగ్గర పెడితే సగం వైద్యం అయినట్టే. ఈ రెండు వైరస్‌లకూ, ముందు చెప్పుకున్న మహమ్మారికీ కలిపి ఒకే టీకా ఉంది. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా వేయించాలి. అన్నిసార్లు ఎందుకంటే, తల్లి పాలతో వచ్చిన రక్షణ టీకాను కూడా శత్రువనుకుని కొట్టేస్తుంది, అది ఏ రోజుకు తగ్గుతుందో కూన ఒంటిమీద రాసి ఉండదు.

పొందూరులో రైలెక్కితే విజయనగరం దారిలోనే సిగడాం, చీపురుపల్లి దాటాక గరివిడి. అక్కడ శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల ఉంది. మూత ఉన్న బుట్టలో కూనతో ప్యాసింజరెక్కిన మనిషిని తోటి ప్రయాణికులు తప్పకుండా అడుగుతారు, "ఏటది బుట్టలో?" అని. ఆ తర్వాత "ఏటైనాది దానికి?" అని. ఈ రెండో ప్రశ్నకే జవాబు కావాలి. నిఘంటువు కమిటీకి అప్పజెబితే సర్వశ్వేతకణక్షీణత అని ఇస్తుంది, అది పలికేలోపు చీపురుపల్లి దాటిపోతుంది. ఏడిళ్ల జబ్బు అంటే పోలా? ఎలా పాకుతుందో పేరులోనే ఉంది, సామెత ఇప్పటికే అందరి నోటా ఉంది. ముసర వ్యాధికి పేరుంది కాబట్టే పశువుల డాక్టరు ఊళ్లోకొచ్చి ఆ మాట అనగానే రైతు గేదెను సూదికి తోలుకొచ్చాడు. 2011లో అది లోకంలోనే లేదని ప్రకటించారు.

తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఈ వైరస్ సోకితే, బతికిన కూనల్లో కొన్ని తూలుతూ నడుస్తాయి. చిన్నమెదడు పూర్తిగా ఎదగకపోవడం వల్ల. నొప్పి లేదు, ఆయుష్షుకు లోటు లేదు, గురి మాత్రం కుదరదు. అలాంటి కూన రాట్నం ముందు కూర్చుంటే చూడాలి. కదురు దగ్గర ఆడే పోగు మీదికి పంజా విసురుతుంది, పోగు ఒక చోట, పంజా ఒక చోట. వడికేవాళ్లకు ఇంతకన్నా మంచి పిల్లి దొరకదు.

ఆ రాట్నం దగ్గరే ఉంటుంది వాలుగ చేప దవడ. పొందూరు పత్తిని గింజ మీద ఉండగానే దువ్వేది దాంతోనే. వాలుగ మంచినీటి చేప, మనిషి నడుము దాటి పెరుగుతుంది, దవడ నిండా సూదుల్లాంటి సన్నని పళ్లు దట్టంగా ఉంటాయి. ఆ పళ్లు పత్తిలో దుమ్మునూ నలుసునూ పట్టి, పీచును ఒకే దిక్కుకు సర్దుతాయి. ఈ పని చేసే యంత్రాలు ఎన్నో వచ్చాయి, ఈ ఊరు దవడను వదల్లేదు. ఇక్కడి ఖాదీ సంగతి విని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను చూసి రమ్మని పంపారు. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పెట్టారు. బట్ట కొనేవాళ్లు కౌంటు అడుగుతారు, అంచు అడుగుతారు. దువ్విన చేప గురించి అడిగేవాళ్లు తక్కువ. దువ్విన చేతులకు ఎంత ముట్టిందని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఎండి, అరిగి, తెల్లబడ్డ ఎముక అది. చేప వాసన ఎప్పుడో పోయి ఉంటుందని మనుషులు అనుకుంటారు. పిల్లి అలా అనుకోదు. పత్తి దువ్వేవాళ్లు మంచినీళ్లకని లేస్తే, దవడను చేతికందే చోట కాక చూరులో దోపి లేవాలి.