కుడివైపు బీరువా

కర్నూలు పాతబస్తీలో సర్టిఫికెట్లు ఎక్కడ దాచుకోవాలన్నది 2009కి ముందు పెద్ద ప్రశ్న కాదు. బీరువా పై అర, లేదంటే ట్రంకుపెట్టె. ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. వాన కోసం ఆకాశం చూసే సీమలో ఇళ్లు నీట మునిగాయి. నీళ్లు తీశాక మిద్దెల మీద బట్టలతో పాటు పాసుపుస్తకాలు, మార్కుల జాబితాలు, పెళ్లి ఫొటోలు కూడా ఆరబెట్టుకున్నారు జనం.

అక్కడ ఉండే ఓ రిటైర్డు తెలుగు మాస్టారు అప్పట్లో చాలా పోగొట్టుకున్నారు. నకలు కోసం ఆఫీసుకు వెళితే మొదట అడిగేది నంబరు, సంవత్సరం. అవి రాసి ఉన్న కాగితమే కదా పోయింది! మిగిలినవాటినైనా కాపాడుకోవాలన్న పట్టుదల ఆయనకు అప్పుడే మొదలైంది. దారి మాత్రం 2020లో దొరికింది. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు కరోనా వల్ల ఇంటి నుంచే పనిచేస్తోంది. ఆమె కంప్యూటర్ తెర నిలువునా రెండుగా చీలి ఉంది.

‘‘ఏమ్మా, ఆ కుడిపక్కది ఎవరిది?’’

‘‘ఎక్కడో దూరాన ఉన్న మిషన్‌ది నాయనా. ఎడమది మనది. ఇక్కడ కూర్చునే దాన్ని సర్దుతున్నా.’’

వరద రాని చోట ఇంకో బీరువా! మాస్టారికి అంతకంటే ఏం కావాలి? ఆమె కొంత అద్దె కట్టి ఇంటి కోసం సర్వరులో చోటు తీసుకుంది. తండ్రి కంప్యూటర్‌లో విన్‌ఎస్‌సీపీ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టింది. చెక్ దేశస్థుడు మార్టిన్ ప్రిక్రిల్ 2000లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది.

వాట్సాప్‌లో పంపితే సరిపోదా అంటారు కొందరు. మామూలుగా పంపితే ఫొటోను అది నలిపి చిన్నది చేస్తుంది. పాత దస్తావేజులోని సన్నటి అక్షరాలు ఆ నలుగుడుకు తట్టుకోవు.

దూరపు కంప్యూటర్‌కు ఫైళ్లు పంపడం కొత్త సంగతేమీ కాదు. ఐఐటీ కాన్పూరులో చదివిన అభయ్ భూషణ్ 1971లో అమెరికాలోని ఎంఐటీలో ఉండగా ఎఫ్‌టీపీ పద్ధతిని రాశారు. కాకపోతే అందులో పాస్‌వర్డు కూడా పోస్టుకార్డు మీది రాతలాగే బాహాటంగా పోయేది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో అలాగే పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడే పనిచేసే తాతు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. దాని మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీ మొత్తం సరుకును సీలువేసి పంపుతుంది.

సీలు సరే, అందుకునేవాడు అసలైనవాడేనా? మొదటిసారి కలిపినప్పుడు ప్రోగ్రాము ఓ పొడుగాటి అక్షరాల వరస చూపించి, నమ్మమంటారా అని అడుగుతుంది. అది అవతలి సర్వరు వేలిముద్ర. చాలామంది చదవకుండానే సరేనని నొక్కేస్తారు. మాస్టారు నొక్కలేదు. అప్పటికి బెంగళూరు వెళ్లిపోయిన కూతురికి ఫోన్ చేసి ఒక్కో అక్షరమే చదివి వినిపించారు. ఆమె తన దగ్గరున్నదానితో సరిచూసి, సరే అన్నాకే ముందుకు పోయారు. రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి వచ్చినవాళ్లకు ఈ చాదస్తం విలువ తెలుస్తుంది.

ఈ చాదస్తం సీమకు కొత్త కాదు లెండి. 1820లో కడపకు వచ్చిన సీపీ బ్రౌన్ తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి చేయించిన పనేమిటి? ఒకే కావ్యానికి పలుచోట్ల నుంచి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధప్రతి రాయించడమే. తాటాకు ఒక్కచోటే ఉంటే చెదలపాలు. నకలు తప్పుగా రాస్తే అసలుకే ముప్పు.

కరెంటు మాట కూడా చెప్పాలి. పెద్ద ఫైలు సగం పోతుండగా కరెంటు పోతే, అవతల చేరినంత మేర ‘ఫైల్‌పార్ట్’ అన్న తోకతో ఉండిపోతుంది. అది సగం సరుకని చూడగానే తెలుస్తుంది. కరెంటు వచ్చాక మిగతాది పంపుకోవచ్చు.

అసలు భయం చెరపడం దగ్గరుంది. ఎడమవైపు చెరిపితే రీసైకిల్ బిన్‌లో వెతుక్కోవచ్చు. కుడివైపు చెరిపినవి మామూలుగా అలా తిరిగి దొరకవు. రెండు వైపులా ఒకేలా సర్దిపెట్టే సదుపాయం ఇంకా ప్రమాదం. ఇక్కడ లేనిదాన్ని అక్కడా తీసెయ్యమంటే మారుమాట్లాడకుండా తీసేస్తుంది. అందుకే కూతురు ఓ షరతు పెట్టింది. పంపడం నాన్న పని, చెరపడం తన పని. నెలకోసారి ఏదో ఒక ఫైలును కుడివైపు నుంచి దింపుకుని తెరిచి చూడాలి కూడా. ‘‘ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు నాయనా’’ అంటుంది.

ఇప్పుడు ప్రొద్దుటూరులోని తమ్ముడి ఇంటి పాత ఫొటోలూ ఈయన దగ్గరికే వస్తున్నాయి స్కానింగుకు. అక్కడి నుంచి కర్నూలు దాకా మాత్రం ఆర్టీసీ బస్సులోనే, అట్టపెట్టెలో.